పొరుగు కోటల రక్షణ ఒప్పందాన్ని చదివే పద్ధతి

కడపలో చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి విరమించిన నా దగ్గరికి ఎం.ఏ. చివరి సెమిస్టరు విద్యార్థులు ప్రాజెక్టు పేపరు పట్టుకుని ఇప్పటికీ వస్తూనే ఉంటారు. వారిలో సగం మంది దత్త మండలాల మీద రాస్తామంటారు. 1800లో నిజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఎందుకు ఇచ్చాడని అడిగితే సైన్యం ఖర్చుకని టక్కున చెబుతారు. హైదరాబాదులో కంపెనీ సైన్యం ఎందుకుందంటే ఫ్రెంచివారి భయం వల్ల అంటారు. ఆ ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉన్నారా, పక్కపక్క కోటల్లో కాపురం చేస్తూ ఒకరి జోలికి ఒకరు పోకుండా ఉందామనో, ఒకరి కోటను ఒకరు కాపాడుకుందామనో ఎన్నడూ అనుకోలేదా అన్న మూడో ప్రశ్న దగ్గర మాత్రం మౌనం. అనుకున్నారు, చాలాసార్లు అనుకున్నారు. ఆ సంప్రదింపుల కాగితాలను ఎలా చదవాలో, ఏం వెతకాలో, ఎక్కడ మోసపోతామో విద్యార్థులకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా అంశాన్ని కుదించుకోండి

"ఆసియాలో యూరోపియన్ల దౌత్యం" అని శీర్షిక పెట్టుకుని వచ్చిన పేపరు ఏదీ ఇంతవరకు బాగుపడలేదు. రెండు కోటలు, రెండు మూడేళ్ల కాలం, ఒకే ఒక్క ఒప్పందం లేదా విఫలమైన ప్రయత్నం తీసుకోండి. 1744లో పుదుచ్చేరి, చెన్నపట్నాల మధ్య నడిచిన తటస్థతా ప్రయత్నం ఒకటి. 1754లో డచ్చివారి సదరాసులో కూర్చుని ఫ్రెంచి, ఇంగ్లీషు ప్రతినిధులు జరిపిన చర్చ మరొకటి. 1795లో సింహళ ద్వీపంలోని డచ్చి కోటల రక్షణకంటూ ఇంగ్లీషువారు తెచ్చిన లేఖ, 1799లో గోవాలో దిగిన ఇంగ్లీషు దళాలు, 1808లో మకావు రేవు, 1941లో పోర్చుగీసు తైమూరు, వీటిలో దేన్ని తీసుకున్నా ఇరవై పేజీల పేపరుకు సరిపడా సరుకు ఉంటుంది. మన ప్రాంతపు విద్యార్థికి మాత్రం నేను 1744 నుంచి 1755 దాకా ఉన్న కాలాన్నే సూచిస్తాను, ఎందుకంటే ఆ కథ తీరంలో మొదలై రాయచోటి కొండల దాకా నడిచి వస్తుంది.

పటమూ, తేదీలూ

ఒప్పందం చదవడానికి ముందు పటం గీయాలి. చెన్నపట్నంలో ఇంగ్లీషువారు, దానికి ఉత్తరంగా ప్రళయకావేరిలో డచ్చివారు, దక్షిణంగా డెబ్బై కిలోమీటర్ల దూరంలో సదరాసులో మళ్ళీ డచ్చివారు, ఇంకా కిందికి, చెన్నపట్నం నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్ల వద్ద పుదుచ్చేరిలో ఫ్రెంచివారు, ఆ పక్కనే కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో మళ్ళీ ఇంగ్లీషువారు, తరంగంబాడిలో డేన్‌లు, అంటే డెన్మార్కువారు. ఇంత ఇరుకు తీరంలో ఇన్ని జెండాలు. వీరి వెనక ఉన్న నేల మాత్రం వీరిది కాదు, అది ఆర్కాటు నవాబుది, ఆయన పైన నిజాముది. ఈ సంగతి పటంలో వేరే రంగుతో కనబడాలి.

తేదీల విషయంలో నా విద్యార్థి ఒకరికి జరిగిన సంగతి చెబుతాను. రాయచోటి నుంచి వచ్చిన ఆ అబ్బాయి బ్రౌన్ గ్రంథాలయంలో బల్ల మీద పొడవాటి లెక్కల కాగితం పరిచి, పెన్సిలుతో గళ్ళు గీసి, రెండు పుస్తకాల నుంచి తేదీలు ఎక్కిస్తున్నాడు. చెన్నపట్నం ఫ్రెంచివారికి లొంగిపోయింది 1746 సెప్టెంబరు 10 అని ఒక పుస్తకం, సెప్టెంబరు 21 అని ఇంకొకటి. "సార్, ఇందులో ఒకటి అచ్చుతప్పు" అని ఒకదాన్ని కొట్టేశాడు. రెండూ సరైనవే. ఇంగ్లీషువారు 1752 దాకా పాత క్యాలెండరునే వాడారు, ఫ్రెంచివారు కొత్తది వాడారు, రెంటికీ పదకొండు రోజుల తేడా. ఆ అబ్బాయి కొట్టేయకుండా ఉంచుకున్న తేదీ ఒక్కదాని ప్రకారమే లెక్కిస్తే ఫ్రెంచివారు ఉత్తరం అందకముందే దానికి జవాబు రాసినట్టు తేలేది. కాబట్టి మొదటి గడిలో పాత తేదీ, రెండో గడిలో కొత్త తేదీ, మూడో గడిలో ఆ వార్త ఆ ఊరికి చేరిన తేదీ రాసుకోండి.

మూడో గడే అసలైనది. ఐరోపా నుంచి ఓడ రావడానికి ఆరు నెలలు, గాలి అనుకూలించకపోతే అంతకు మించి పట్టేది. పారిస్‌లో, లండన్‌లో రాజులు యుద్ధం ప్రకటించిన తరువాత ఇక్కడ గవర్నర్లు నెలల తరబడి శాంతిగానే వ్యాపారం చేసుకునేవారు, అక్కడ శాంతి కుదిరాక ఇక్కడ నెలల తరబడి ఫిరంగులు పేలేవి. 1748 అక్టోబరులో ఎక్స్-లా-షపెల్ సంధి కుదిరితే చెన్నపట్నం ఇంగ్లీషువారి చేతికి తిరిగి వచ్చింది 1749లో. ఆ సంధిలో చెన్నపట్నానికి బదులుగా ఫ్రెంచివారికి దక్కింది ఉత్తర అమెరికాలోని లూయిబూర్గ్ కోట. మన తీరపు ఊరిని ఎక్కడో మంచు సముద్రపు కోటతో మార్చుకున్నారన్న మాట విద్యార్థులు పేపరులో తప్పకుండా రాయాలని నా పట్టు, దూరం ఎలా పనిచేస్తుందో దానికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

సంతకం పెట్టినవాడికి ఆ అధికారం ఉందా

ఇక్కడ తొందరపడకండి. పొరుగు వలసల మధ్య రక్షణ ఒప్పందాలు ఎక్కువగా విరిగింది శత్రుత్వం వల్ల కన్నా, మాట ఇచ్చినవాడికి ఆ మాట ఇచ్చే అధికారం లేకపోవడం వల్లనే. కాగితం చేతికి రాగానే చివరి పేజీకి వెళ్ళి సంతకాలు చూడండి. ఆ మనిషి కంపెనీ నౌకరా, రాజు నౌకరా, గవర్నరా, నౌకాదళాధిపతా, అతని పైన ఎవరు, ఆ పైవాడు ఎన్ని నెలల దూరంలో ఉన్నాడు అని ఒక్కొక్కటే అడగండి.

1744నే తీసుకుందాం. ఐరోపాలో ఫ్రాన్సు, ఇంగ్లండు యుద్ధానికి దిగిన వార్త తెలియగానే పుదుచ్చేరి గవర్నరు డూప్లే, ఇక్కడ మనం తటస్థంగా ఉందామని చెన్నపట్నం గవర్నరు నికొలస్ మోర్స్‌కు కబురు పంపాడు. డూప్లే మంచితనానికి పోయాడని అనుకోకండి. అప్పటికి పుదుచ్చేరికి సరైన నౌకాబలం లేదు, యుద్ధం వస్తే నష్టపోయేది వ్యాపారమే. మోర్స్ వైపు నుంచి వచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, కంపెనీ తరఫున తాము దాడికి దిగబోమని, అయితే రాజుగారి యుద్ధనౌకలు తమ ఆజ్ఞకు లోబడవని. కంపెనీ సిపాయి వేరు, రాజు నావికుడు వేరు. మోర్స్ అబద్ధం ఆడలేదు, కానీ అతని నిజం డూప్లేకు ఏ మాత్రం రక్షణ ఇవ్వలేదు. 1745లో బార్నెట్ నాయకత్వంలో ఇంగ్లీషు రాజనౌకలు తూర్పు సముద్రాల్లో ఫ్రెంచి వ్యాపార ఓడలను పట్టుకున్నాయి. ఒకే జెండా కింద రెండు అధికారాలు ఉంటే ఒకటి ఇచ్చిన మాటకు రెండోది కట్టుబడదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా పేపరు సగం రాసినట్టే.

ఈ రోగం ఇంగ్లీషువారిది మాత్రమే కాదు. 1746లో చెన్నపట్నాన్ని పట్టుకున్న లా బుర్దొనే హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి ద్వీపాల గవర్నరు, అక్కడి నుంచి ఓడలు తెచ్చినవాడు. ఆయన పదకొండు లక్షల వరహాల విమోచన ధనం తీసుకుని ఊరిని తిరిగి ఇస్తానని ఇంగ్లీషువారికి మాట ఇచ్చాడు. పుదుచ్చేరిలో కూర్చున్న డూప్లే ఆ మాట చెల్లదన్నాడు. చెన్నపట్నాన్ని నవాబు అన్వరుద్దీనుకు అప్పగిస్తానని ఆయన అప్పటికే ఇంకో మాట ఇచ్చి ఉన్నాడు. ఒకే ఊరి మీద రెండు ఫ్రెంచి మాటలు. అక్టోబరు తుఫాను లా బుర్దొనే ఓడలను చెల్లాచెదురు చేయడంతో ఆయన వెళ్ళిపోక తప్పలేదు, ఊరు డూప్లే చేతిలో మిగిలింది, విమోచన ఒప్పందాన్ని పుదుచ్చేరి పక్కన పెట్టేసింది. మీరు ఈ ఘట్టాన్ని రాసేటప్పుడు "ఫ్రెంచివారు మాట తప్పారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టవద్దు. ఏ ఫ్రెంచివారు ఏ మాట ఇచ్చారు, ఏ ఫ్రెంచివారు ఏ మాటను కాదన్నారు అని విడదీయండి.

1757 మార్చిలో బెంగాలులో ఇదే తగవు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. చందర్‌నగర్‌లోని ఫ్రెంచివారు గంగానది మీద తటస్థత పాటిద్దామన్నారు. ముందటి యుద్ధకాలంలో నవాబు అలీవర్దీ ఖాన్ గట్టిగా నిలబడడం వల్ల అక్కడ ఆ తటస్థత నిలిచింది కూడా. క్లైవు చర్చలకు దిగాడు, కాగితం దాదాపు సిద్ధమైంది. నౌకాదళాధిపతి వాట్సన్ మాత్రం సంతకం పెట్టనన్నాడు. చందర్‌నగర్ పుదుచ్చేరికి లోబడినది కదా, పుదుచ్చేరి ఒప్పుకోకపోతే ఈ కాగితానికి విలువేమిటని ఆయన వాదన. న్యాయంగా చూస్తే వాదన సరైనదే. ఆ సరైన వాదన ఆయనకు సరైన సమయంలో దొరికిందన్నది కూడా అంతే నిజం. మార్చి 23న చందర్‌నగర్ ఇంగ్లీషువారి వశమైంది. అధికారం లేదన్న మాట నిజాయితీగా వచ్చిందా, సాకుగా వచ్చిందా అన్నది తేల్చాలంటే ఆ మాట అన్నవాడు తరువాత వారం ఏం చేశాడో చూడండి.

ఇక సదరాసు. 1754 జనవరిలో అటు ఫ్రెంచి ప్రతినిధులు, ఇటు ఇంగ్లీషు తరఫున పాక్, వాన్సిటార్ట్ అక్కడ కలిశారు. డచ్చివారిది తటస్థ స్థలం కాబట్టి ఆ ఊరు. ఆర్కాటు గద్దె మీద మహమ్మదాలీని నవాబుగా గుర్తించాలని ఇంగ్లీషువారు, కర్ణాటకం మీద తనకే అధికారం ఉందని డూప్లే. డూప్లే మనుషులు మొగలు దర్బారు నుంచీ, నిజాము సలాబత్ జంగ్ నుంచీ వచ్చినవంటూ కాగితాలు చూపించారు. ఇంగ్లీషువారు ఆ కాగితాలు అసలైనవేనా అని అడిగారు. సభ అక్కడితో ఆగిపోయింది. మన ఊళ్ళో భూమి తగాదాలో పట్టా పాసుపుస్తకం చూపించగానే అవతలివారు ముద్ర మీద వేలు పెట్టినట్టే ఇదీను. రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరిగినవారికి ఈ ఘట్టం నేను విడిగా వివరించనక్కరలేదు.

సైనికుడి జీతం ఎవరిది, కోట తాళం ఎవరిది

తటస్థత ఒక రకం, సహాయ సైన్యం ఇంకో రకం. పొరుగువాడి సైన్యాన్ని మన కోటలోకి రానిచ్చే ఒప్పందం చేతికి వస్తే నాలుగు సంగతులు వెతకండి. జీతం ఎవరు ఇస్తారు, ఆజ్ఞ ఎవరిది, కోట ద్వారం తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు వెళ్ళిపోతారు. నాలుగో దానికి జవాబు లేని ఒప్పందాన్ని మొదట అనుమానించండి. నిజాము విషయంలో మన విద్యార్థులకు ఈ లెక్క బాగా తెలుసు: 1798 ఒప్పందంలో ఆరు పటాలాలకు ఏటా 24,17,100 రూపాయలు, హైదరాబాదులోని ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేయాలన్న షరతు, రెండేళ్లకు నగదు బదులు మన జిల్లాలు. అదే కొలబద్దను ఇద్దరు యూరోపియన్ల మధ్య పెట్టి చూడండి.

1795 ఆరంభంలో ఫ్రెంచి సైన్యం హాలండును ముంచెత్తగా అక్కడి పాలకుడు, ఆరెంజి వంశపు ఐదో విలియం, ఇంగ్లండుకు పారిపోయి లండన్ దగ్గర క్యూ అనే చోట తలదాచుకున్నాడు. ఫిబ్రవరి 7న ఆయన డచ్చి వలసల గవర్నర్లకు ఒక లేఖ రాశాడు. ఫ్రెంచివారు రాకుండా ఆపడానికి వచ్చే ఇంగ్లీషు దళాలనూ ఓడలనూ మిత్రులుగా భావించి రానివ్వండి అన్నది దాని సారం. చరిత్రలో దీనిని క్యూ లేఖ అంటారు. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడల్లా రేషను దుకాణం ముందు వరుస గుర్తుకొచ్చి పిల్లలు నవ్వుతారు; నవ్వనివ్వండి, గుర్తుంటుంది.

ఆ లేఖను ఇప్పుడు మన ప్రశ్నలతో చదవండి. సంతకం పెట్టినవాడికి అధికారం ఉందా? స్వదేశంలో కొత్త ప్రభుత్వం ఏర్పడింది, ఆయన పరాయి రాజు అతిథి. కొలంబోలోని గవర్నరు వాన్ ఆంగెల్‌బీక్ ముందు ఇద్దరు యజమానులు నిలబడ్డారు: ఆజ్ఞ ఇస్తున్న పాత యజమాని, ఇంకా గొంతు వినబడని కొత్త యజమాని. చెన్నపట్నం గవర్నరు హోబార్ట్ ఆ లేఖతో పాటు రక్షణ ఇస్తామన్న ప్రతిపాదననూ పంపాడు, దాని వెనకే సైన్యాన్నీ పంపాడు. ఇంట్లో ఉండమని చోటిచ్చేదాకా గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడేవాడిని అతిథి అంటామా? 1795 ఆగస్టులో త్రింకోమలీ, అక్టోబరులో కొచ్చి, 1796 ఫిబ్రవరిలో కొలంబో ఇంగ్లీషువారికి దక్కాయి. మన తీరానికి దగ్గరైన ప్రళయకావేరి కూడా 1795లోనే పోయింది.

కొలంబో కోటలో డచ్చివారి కొలువులో ఉన్న బలమైన దళాల్లో ఒకటి స్విస్ దళం, దాని యజమాని కౌంట్ ద మ్యూరాన్. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన హ్యూ క్లెగార్న్ ఐరోపాలోనే ఆయనను కలిసి ఆ దళాన్ని మొత్తంగా ఇంగ్లీషు కొలువుకు మార్పించాడు. ఆ వార్త కోటలోని దళాధిపతికి చేర్చిన ఉత్తరాన్ని డచ్చి జున్నుగడ్డలో దాచి పంపారని కథగా చెబుతారు. జున్ను సంగతి ఎలా ఉన్నా దళం మారడం మాత్రం చరిత్ర, 1799 శ్రీరంగపట్నం ముట్టడిలో అదే దళం ఇంగ్లీషువారి పక్షాన పోరాడింది. సైనికుడి జీతం ఎవరు ఇస్తారన్న మొదటి ప్రశ్నకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇక తిరిగి ఇవ్వడం సంగతి. శాంతి కుదిరి హాలండులో పాత ప్రభుత్వం నిలబడ్డాక వలసలు తిరిగి ఇస్తామన్నది ఇంగ్లీషువారి మాట. 1802 అమియాఁ సంధిలో సింహళ ద్వీపం ఇంగ్లండుకే మిగిలింది. 1814లో కొచ్చిని ఉంచుకుని బదులుగా బంకా ద్వీపాన్ని ఇచ్చారు. ప్రళయకావేరి ఒకసారి డచ్చివారికి తిరిగి వచ్చి, 1824 సంధి తరువాత శాశ్వతంగా పోయింది. పేపరులో ఒక పట్టిక వేయాలనుకుంటే ఇక్కడ వేయండి: ఏ కోట ఎప్పుడు "రక్షణలోకి" వెళ్ళింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, అసలు తిరిగి వచ్చిందా.

గోవా కొంచెం వేరు. పోర్చుగలు, ఇంగ్లండు 1386 నుంచీ మిత్ర దేశాలు, అందువల్ల ఇక్కడ ఎవరూ ఎవరినీ ముట్టడించలేదు. టిప్పు సుల్తాను, ఫ్రెంచివారు కలిసి గోవా రేవును వాడుకుంటారన్న భయం చూపించి గవర్నర్ జనరలు వెల్లస్లీ దళాలను పంపాడు. గోవా గవర్నరు వేయిగా కబ్రాల్‌కు అది అంతగా ఇష్టం లేకపోయినా కాదనలేకపోయాడు. అగ్వాద, కాబో, మార్ముగోవా కోటల్లో ఇంగ్లీషు సిపాయిలు దిగారు. టిప్పు 1799 మే 4న శ్రీరంగపట్నంలో నేలకొరిగాడు. కారణం పోయింది, దళాలు పోలేదు. పూర్తిగా ఖాళీ చేసింది 1813లో. పణజి దగ్గర దోనా పావులాలో ఆనాటి ఇంగ్లీషువారి సమాధుల తోట ఇప్పటికీ ఉంది. పదమూడు పద్నాలుగేళ్లు అతిథులుగా ఉన్నవారు తమ కోసం శ్మశానం కూడా కట్టుకున్నారంటే వెళ్ళే తేదీ లేకపోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

కాగితంలో పేరు లేని మూడో మనిషి

ఇద్దరు యూరోపియన్ల మధ్య కాగితంలో నేల యజమాని పేరు తరచు ఉండదు. అతన్ని వెతికి పేపరులోకి తీసుకురావడం మీ పని.

1745లో మోర్స్ జవాబుతో తృప్తి చెందని డూప్లే ఆర్కాటు నవాబు అన్వరుద్దీనును ఆశ్రయించాడు. తన నేల మీద యుద్ధం వద్దని, పుదుచ్చేరి జోలికి పోవద్దని నవాబు ఇంగ్లీషువారిని హెచ్చరించాడు, వారు విన్నారు. ఆ మరుసటి ఏడాది ఫ్రెంచివారు చెన్నపట్నం మీదికి వచ్చినప్పుడు అదే మాట వారికీ చెప్పాడు, వారు వినలేదు. చెన్నపట్నాన్ని అప్పగించకపోయేసరికి నవాబు సైన్యాన్ని పంపాడు, అడయారు ఒడ్డున పారాడీ నాయకత్వంలోని చిన్న ఫ్రెంచి దళం దాన్ని చెదరగొట్టింది. తటస్థతను నిలబెట్టగల ఒకే ఒక్క హామీదారు ఆ రోజుతో బలం కోల్పోయాడు. ఈ వైపు కథ చదవాలంటే డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళె తమిళంలో 1736 నుంచి రాసుకున్న దినచర్య ఉంది. సంధి పత్రంలో కనబడని గుసగుసలు, కానుకలు, కోపాలు అందులో కనబడతాయి. కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం రాసి అంకితమిచ్చింది ఈ ఆనందరంగడికే, కాబట్టి మనకు ఆయన అంత పరాయివాడేమీ కాదు.

మన జిల్లాల పేరు ఇక్కడే వస్తుంది. 1750 డిసెంబరులో జింజి దగ్గర నిజాము నాసిర్ జంగ్‌ను చంపిన కుట్రలో కడప, కర్నూలు నవాబుల చేయి ఉంది. ఫ్రెంచివారి అండతో గద్దెనెక్కిన ముజఫర్ జంగ్ ఫ్రెంచి సేనాని బుస్సీ దళంతో హైదరాబాదుకు బయలుదేరి, 1751 ఫిబ్రవరిలో రాయచోటి సమీపాన లక్కిరెడ్డిపల్లి దగ్గర అదే నవాబులతో జరిగిన పోరులో చనిపోయాడు. కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ కూడా అక్కడే పోయాడు. బుస్సీ అక్కడికక్కడ సలాబత్ జంగ్‌ను నిజాముగా నిలబెట్టాడు. మూడేళ్ల తరువాత సదరాసు బల్ల మీద ఇంగ్లీషువారు అనుమానించిన కాగితాల్లో కొన్ని ఈ సలాబత్ జంగ్ ఇచ్చినవే. మా రాయచోటి అబ్బాయికి ఈ ముడి విప్పి చూపించిన రోజు అతను పటం తీసుకుని, సదరాసు నుంచి తన ఊరికి పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీతే అతని పేపరుకు శీర్షిక అయింది.

మకావులో మూడో మనిషి ఇంకా బలవంతుడు. 1807లో నెపోలియన్ సైన్యం పోర్చుగలులోకి రావడంతో, ఫ్రెంచివారు మకావును పట్టుకుంటారేమోనని 1808 సెప్టెంబరులో ఇంగ్లీషు అడ్మిరలు డ్రూరీ అక్కడ దళాలు దించాడు, పోర్చుగీసు గవర్నరు ఒప్పుకోక ఒప్పుకున్నాడు. పోర్చుగీసువారు ఆ నేలకు చైనా ప్రభుత్వానికి ఏటా 500 తేల్‌ల (చైనా తూకం) వెండి అద్దె కట్టేవారు. అద్దెకున్నవాడు ఇంకొకరిని ఇంట్లో పెట్టుకుంటే యజమాని ఊరుకుంటాడా? దగ్గరి చైనా రేవు కాంటన్‌లోని అధికారులు ఇంగ్లీషువారి వ్యాపారం ఆపేశారు, డిసెంబరులో దళాలు వెళ్ళిపోయాయి. గట్టిగా వ్యవహరించలేదని కాంటన్‌లోని చైనా గవర్నర్ జనరలును చైనా చక్రవర్తి పదవి నుంచి తొలగించాడు కూడా. అన్వరుద్దీను చేయలేనిది చైనా ఎందుకు చేయగలిగిందన్న ప్రశ్న మీద మంచి అధ్యాయం రాయవచ్చు. నా అభిప్రాయంలో చైనా ఆపింది ఓడలను కాదు, టీ సరుకును.

మెత్తని మాటలు

ఒప్పందాల్లో కొన్ని పదాల కింద గీత గీసుకుంటూ చదవాలి. "తాత్కాలిక" అన్న మాట ఒకటి. డూప్లేను తప్పించి వచ్చిన గొదెహు 1754 చివర ఇంగ్లీషు గవర్నరు సాండర్స్‌తో కుదుర్చుకున్న ఒప్పందంలో, ఇరు కంపెనీలూ స్వదేశీ రాజుల తగాదాల్లో తలదూర్చకూడదని, వారి నుంచి పొందిన పదవులు వదులుకోవాలని ఉంది. ఐరోపాలో ఆమోదం పొందేదాకా తాత్కాలికం. 1756లో ఏడేళ్ల యుద్ధం మొదలై ఆ కాగితాన్ని మింగేసింది. "తాత్కాలికం" అన్నచోట ఎవరు ఆమోదించాలో, ఆ ఆమోదం ఎప్పటికైనా వచ్చిందో రాయండి.

"ఉమ్మడి రక్షణ" మరొకటి. 1941 జులైలో ఫ్రెంచి ఇండోచైనా విషయంలో విషీ ప్రభుత్వం (జర్మనీకి లొంగిన తరువాతి ఫ్రాన్సు ప్రభుత్వం) జపానుతో చేసుకున్న ఒప్పందానికి పేరు అదే, దాని అర్థం జపాను సైన్యం దక్షిణానికి కూడా దిగడం. అదే సంవత్సరం ఏప్రిలులో సింగపూరులో అమెరికా, డచ్చి, బ్రిటిషు సైనికాధికారులు కూర్చుని తమ తూర్పు భూభాగాల రక్షణకు ఒక పథకం రాసుకున్నారు, వాషింగ్టన్ దానిని అంగీకరించలేదు. డిసెంబరు 17న డచ్చి, ఆస్ట్రేలియా దళాలు జపాను వస్తుందని చెప్పి తటస్థమైన పోర్చుగీసు తైమూరులో దిగాయి, అక్కడి గవర్నరు నిరసన తెలిపాడు. మొజాంబిక్ నుంచి పోర్చుగీసు దళాలు వస్తే తాము వెళ్ళిపోతామన్నారు. ఆ దళాలు చేరకముందే 1942 ఫిబ్రవరిలో జపాను దిగింది. రెండు వందల ఏళ్ల తరువాత కూడా ఓడ సమయానికి రాలేదు.

రాసేటప్పుడు

మొదటి పేజీలో ఒప్పందం తేదీ, సంతకాలు, ఆమోదం వచ్చిందా లేదా అన్న మూడు సంగతులూ చెప్పేయండి. ఆ తరువాతే కారణాలు. "మైత్రి", "సహాయం" అన్న మాటలు ఒప్పందంలోవే అయితే ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టండి, మీ మాటగా రాయకండి. జీతం, ఆజ్ఞ, తాళం, వెళ్ళే తేదీ అన్న నాలుగింటికీ ఒక్కొక్క పేరా ఇవ్వండి; జవాబు దొరకనిదాన్ని మిగతావాటితో కలిపి దాచకుండా ఆ షరతు ఒప్పందంలో లేదని సూటిగా రాయండి.

ఊరి పేర్లు పేపరు అంతటా ఒకే విధంగా ఉండాలి. ప్రళయకావేరినే పాత కాగితాల్లో పులికాట్ అని, సదరాసునే సదురంగపట్నమని, తరంగంబాడినే ట్రాంక్విబార్ అని రాసి ఉంటారు. ఒక విద్యార్థిని వీటిని ఆరు వేర్వేరు కోటలుగా లెక్కగట్టి పటంలో ఆరు చుక్కలు పెట్టుకొచ్చింది. మొదటిసారి రెండు పేర్లూ ఇచ్చి, తరువాత తెలుగువారి పేరుతోనే కొనసాగండి. పటాన్ని చివరన కాకుండా మూడో పేజీలో కుట్టించండి, తిప్పి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది.